రాయని నీళ్ళు

"ఫోను మోగితే నువ్వే తియ్యరా. నేను తియ్యలేను. ఆసుపత్రి వాళ్ళయితే నాతో చెప్పకు. కాదు కాదు, చెప్పు. నేను కూర్చున్నాక చెప్పు."

"మోగలేదు కదమ్మా," అన్నాడు పెద్దాడు.

"మోగితే అంటున్నాను."

"మోగినప్పుడు చూద్దాంలే."

మోగే ఫోనుకన్నా మోగని ఫోనంటేనే నాకు భయం. అది బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. పక్కనే పెద్దాడు రాసిన కాగితం. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద తన చెప్పుల కొట్టు తాళాలగుత్తి పెట్టాడు.

కాగితంలో నాలుగే వాక్యాలు. ఆరో మంచం రోగి చార్టులో నేను అనుమతి లేకుండా రాశాను. ఆ అంకెలు తప్పు. ఆవేశంలో రాశాను. దయచేసి మన్నించగలరు. కింద సంతకానికి ఖాళీ.

ఆ ఖాళీ నిండితే సాయంత్రం నాలుగింటికి నా కూతురు మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది. నిండకపోతే నర్సుగానే కాదు, చూడడానికి వచ్చిన మనిషిగా కూడా ఐసీయూ గుమ్మం దాటకూడదని నిన్న పెద్ద సిస్టర్ చెప్పి పంపింది. ఆ ఆరో మంచం మీద ఉన్నది దాని కన్నతండ్రి.

ఆ కూతురేమో పొద్దుటి నుంచీ నోరు విప్పకుండా తెల్ల డ్రెస్సు ఇస్త్రీ చేసుకుంటోంది. ఒక మడత మీద నాలుగుసార్లు రుద్దింది. ఆ మడత చేసిన పాపమేమిటో నాకు తెలియదు.

దాన్ని ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. మూడేళ్ళప్పుడు జ్వరం మందు తాగనని గంటసేపు మూతి బిగించుకు కూర్చుంటే వాళ్ళ నాన్న నవ్వి "ఓసి పేచీ" అన్నాడు. అంతే, అదే పేరైపోయింది.

"ఏమే పేచీ, ఒక్క సంతకం," అన్నాను.

"పెట్టను."

"నీకు నచ్చకపోతే రెండు వాక్యాలు కొట్టేస్తాను. మిగతా రెండింటికీ పెట్టు," అన్నాడు పెద్దాడు.

"ఒక్కటే నిజం అన్నయ్యా. అనుమతి లేకుండా రాశాను. నాది కాని మంచం చార్టులో రాయడం తప్పే. ఆ తప్పు ఒప్పుకుంటూ నేనే రాసిస్తాను, కావాలంటే నలుగురి ముందు చదువుతాను. అంకెలు తప్పని మాత్రం రాయను."

"అంకెల కోసం నాన్నని వదిలేస్తావా?"

"నాన్న కోసమే అంకెలు."

పెద్దాడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఇదిగో, దీనికే ఒళ్ళు మండేది. నాన్న ఇవాళ వాళ్ళ చేతుల్లో ఉన్నాడు. ఊపిరి వాళ్ళ చేతుల్లో ఉంది. వాళ్ళని నలుగురిలో తప్పుపట్టి నువ్వు ఇస్త్రీ చేసుకుంటున్నావు. రేపు ఎవరికైనా కోపం వచ్చి..."

"వచ్చి?"

వాడు ఆపినా నా బుర్ర ఆపలేదు. కోపం వచ్చి ఆయన్ని పక్కకు తిప్పడం మానేస్తే? గంట కొట్టినా ఎవరూ రాకపోతే? ముక్కు మీది మాస్కు జారితే? క్షణంలో ఇన్ని చూసేశాను.

"వాళ్ళు అలాంటివాళ్ళు కారమ్మా," అంది పేచీ, నా ముఖం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టి. "రెండు గంటలకోసారి తిప్పుతున్నారు. తల ఎత్తుగా పెట్టి పడుకోబెడుతున్నారు. ఉబ్బిన చర్మం చిట్లకుండా మడమల కింద మెత్త పెట్టారు. పొద్దున్నే ఒకే వేళకి మంచంతో సహా బరువు చూస్తున్నారు. అన్నీ బాగానే చేస్తున్నారు. ఒక్కటి రాయడం లేదు."

మూడు రోజులుగా అది ఇదే చెబుతోంది. నేను ఊ కొడుతూనే ఉన్నాను. భయం కూర్చున్న చెవిలోకి ఇంకో మాట దిగదు.

అది వంటింట్లోకి వెళ్ళి లీటరు గిన్నె, ఒక టీ గ్లాసు, బిందెతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చూడు. నాన్న గుండె నీరసపడింది. కిడ్నీలు నీళ్ళు బయటికి తొయ్యలేకపోతున్నాయి. పోవాల్సిన నీళ్ళు కాళ్ళలోనూ ఊపిరితిత్తుల్లోనూ నిలిచిపోతున్నాయి. అందుకని రోజు మొత్తానికి లీటరే లోపలికి వెళ్ళాలన్నాడు పెద్ద డాక్టరు." గిన్నె అంచు దాకా నింపింది. "ఇదీ లీటరు. పెద్ద సీసాలోంచి చుక్కచుక్కగా వెళ్ళేదీ, ముక్కు గొట్టంలో పోసేదీ కలిపి. చార్టులో ఇంతే ఉంది."

"మరి సరిపోయిందిగా," అన్నాడు పెద్దాడు.

"మందులో?"

"మందులు మందులేగా."

"మూడు మందులు, రోజుకి మూడేసిసార్లు. అవి పొడులు అన్నయ్యా. ఒక్కోటీ వంద మిల్లీల చిన్న సీసాలో కలిపి ఎక్కిస్తారు. చార్టులో మందు పేరు రాస్తారు, వేళ రాస్తారు. ఆ వందా రాయరు. అదే నేను రాశాను, వాళ్ళు కొట్టేశారు. మందు చిటికెడు. మిగతాదంతా నీళ్ళే."

గ్లాసుతో ముంచి గిన్నెలో పోసింది. నిండిన గిన్నె పొర్లింది. ఇంకో గ్లాసు పోసింది.

"ఒసేయ్, బల్ల!" అన్నాను.

"తొమ్మిది పొయ్యాలి. ఇంకా రెండే పోశాను."

నీళ్ళు బల్లంతా పారి కాగితం అంచుని తాకాయి. పెద్దాడు గబుక్కున లాక్కున్నాడు. ఫోను నేను తీశాను. అది తడిసి మోగకపోతే ఎలాగని మళ్ళీ భయం.

"నాలుగు రోజులయింది," అంది పేచీ. "చేరిన రోజు అరవై ఎనిమిది కిలోలు. నిన్న డెబ్బై ఒకటిన్నర. నోటికి ముద్ద లేని మనిషి మూడున్నర కిలోలు ఎక్కణ్ణించి పెరిగాడు? పోనీ, నా మాట వద్దు. నువ్వు పదిహేనేళ్ళుగా జనం పాదాలు చూసి సైజు చెబుతున్నావు. నాన్న పాదం ఎంత?"

"తొమ్మిది."

"నిన్న చూశావుగా. ఎంత?"

పెద్దాడు తడిసిన కాగితం అంచు చొక్కాకి అద్దుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పన్నయ్యా. కొట్టుకి వస్తే ఏ జత తీసిస్తావు?"

"పదకొండు కూడా పట్టదు," అన్నాడు చివరికి, గోడకి చెప్పినట్టు. గొంతు మార్చాడు. "అయినా సరే. నువ్వు చెప్పింది నిజమే అనుకో. నిజం చెప్పి గుమ్మం బయట నిలబడితే నాన్నకేం ఒరుగుతుంది? అబద్ధం రాసి లోపలికెళ్ళు. లోపల ఉండి చూసుకో."

"అబద్ధం రాశాక లోపల ఏం చూసుకోను? నా సంతకమే చూపించి నోరు మూయిస్తారు."

వాడు కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పెట్టమ్మా. ఇంటి పెద్దగా నువ్వు పెట్టినా చాలంది పెద్ద సిస్టర్. 'మా అమ్మాయి తరఫున' అని."

నేను పేచీ వంక చూశాను. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది.

"పెట్టాలనిపిస్తే పెట్టమ్మా. నిన్ను ఆపను. నా తరఫున అని మాత్రం రాయకు. నీ భయం తరఫున అని రాసుకో."

ఆ మాట గుచ్చుకుంది. అయినా కాగితం నా సంచిలోనే పెట్టుకున్నాను. భయం నాదే మరి. కాదనను.

బయలుదేరేటప్పుడు అన్నాను, "నిన్న ఆయన నీళ్ళడిగారే. మాట రాక చెయ్యి ఇలా తిప్పారు, ట్యాంకరు వాల్వు తిప్పినట్టు. పాతికేళ్ళు వీధివీధికీ నీళ్ళు పోసిన మనిషి. గుక్కెడు ఇవ్వకపోతే ఉసురు తగలదూ?"

దాని గొంతు అప్పుడు మెత్తబడింది. "తడి దూదితో పెదాలు తుడవమ్మా. ఎన్నిసార్లయినా తుడువు. తాగడానికి మాత్రం ఇవ్వకు."

నేను సంచిలో అన్నీ ఉన్నాయో లేదో మళ్ళీ తడుముకుంటుంటే పెద్దాడు తలుపు తాళం వేస్తూ నిట్టూర్చాడు. "నిరుటి బస్సు టికెట్లు కూడా అందులోనే ఉండి ఉంటాయి."

"ఎవరైనా అడిగితే?"

"నిరుడు బస్సెక్కావా అని ఎవడడుగుతాడమ్మా?"

పేచీ నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

*

నాలుగింటికి గుమ్మం దగ్గర కాపలా మనిషి పేచీకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. రోజూ దానికి నమస్కారం పెట్టే చెయ్యే. "ఏమనుకోకు తల్లీ, ఆర్డరు," అన్నాడు తలొంచుకుని.

"నిన్నేమీ అనను బాబాయ్. ఇక్కడ నిలబడకూడదని ఆర్డరుందా?"

"అదైతే లేదు."

"అయితే నిలబడతాను."

తెల్ల డ్రెస్సులో, కత్తిలాంటి మడతలతో, తలుపు అద్దానికి ఎదురుగా నిలబడింది. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ దాన్ని తప్పుకుని నడవాల్సి వచ్చింది. పెద్దాడు సిగ్గుతో అవతల బెంచీ మీద కూర్చున్నాడు. ఒకసారికి ఒక్కరినే పంపుతారు. నేను చెప్పులు వదిలి, వాళ్ళిచ్చిన గౌను తొడుక్కుని లోపలికెళ్ళాను.

ఆయన నిన్నటికన్నా లావుగా ఉన్నారు. రెప్పలు ఉబ్బి కళ్ళు సన్నగీతలయ్యాయి. చేరిన రోజు కట్టిన ఆసుపత్రి పేరు పట్టీ ఇప్పుడు మణికట్టులోకి లోతుగా దిగి ఉంది. మాస్కు కింద ఊపిరి గులకరాళ్ళ మీద నీళ్ళు పారినట్టు గరగరలాడుతోంది.

తడి దూది తీసి పెదాలు తుడిచాను. అప్పుడే ఆయన కుడిచెయ్యి లేచింది. పిడికిలి సగం మూసి, తిప్పడం మొదలెట్టారు.

"ఇవ్వకూడదంటండీ," అన్నాను. "పేచీ చెప్పింది. కాస్త ఓర్చుకోండి."

తల అడ్డంగా ఊపారు. మళ్ళీ తిప్పారు. కోపంగా తిప్పారు.

నాకు మా పెళ్ళయిన కొత్త గుర్తొచ్చింది. నన్ను ట్యాంకరులో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవారు. ఓ రోజు వాల్వు కట్టమంటే నేను అటుది ఇటు తిప్పాను. వీధంతా ఏరయిపోయింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు ఎగతాళి చేశారు. ఆయన నా చెయ్యి పట్టుకుని నేర్పారు. ఎడమకి తిప్పితే వదలడం, కుడికి తిప్పితే కట్టడం. ఆఖర్న ఇంక తిరగనన్నప్పుడు ఇంకో అర తిప్పు.

నేను నా పిడికిలిని ఆయన పిడికిలి పక్కన పెట్టి అలాగే తిప్పి చూశాను.

కుడికి. కుడికి. ఇంకా కుడికి. ఆఖర్న మణికట్టు గట్టిగా బిగించి, అర తిప్పు.

నీళ్ళడగడం లేదు. కట్టమంటున్నారు.

నిన్నటి నుంచీ ఆయన అరుస్తున్నట్టే చెబుతున్నారు. నేను దాహమనుకుని జాలిపడుతూ కూర్చున్నాను.

గుంట పూడకపోతే లోపల నీళ్ళున్నట్టేనని మొన్న పేచీ నొక్కి చూపించింది. దుప్పటి ఎత్తి ఆయన ముంగాలి మీద అలాగే బొటనవేలితో నొక్కి తీశాను. గుంట పడింది. లెక్కపెట్టాను. పది. పదిహేను. ఇరవై. గుంట అలాగే ఉంది, మెత్తటి మట్టిలో దిగిన వేలిముద్రలాగా.

"కట్టిస్తానండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

*

మూల అద్దాల గదిలో పెద్ద డాక్టరు కూర్చుని ఉన్నాడు. పెద్ద సిస్టర్ ఆయన పక్కన నిలబడింది, చార్టు గుండెలకి హత్తుకుని. ఆవిడ ముఖంలో ఎప్పుడూ నిద్ర చాలని మనిషి అలసట ఉంటుంది. ఇవాళ అది ఇంకాస్త ఎక్కువగా ఉంది.

"కూర్చోండమ్మా," అన్నాడు డాక్టరు. "దాచకుండా చెబుతాను. ఊపిరి బరువెక్కుతోంది. ఇలాగే ఉంటే రేపటికి గొంతులో గొట్టం వేసి మెషిన్ మీద పెట్టాల్సి రావచ్చు. రోజుకి లీటరుకే కట్టేశాం, నీరు పోయే మందూ ఇస్తున్నాం. అయినా వాపు తగ్గడం లేదు. గుండె మేమనుకున్నదానికన్నా ఎక్కువ దెబ్బతిన్నట్టుంది."

ఇంకో రోజైతే ఆ మాటకి నేను కుర్చీలోంచి జారిపోయేదాన్ని. ఇవాళ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"ఉత్తరం తెచ్చారా?" అని అడిగింది పెద్ద సిస్టర్, మెల్లగా. "ఇచ్చేస్తే అమ్మాయిని లోపలికి రమ్మంటాను. నాకూ దాన్నలా గుమ్మంలో నిలబెట్టడం ఇష్టం లేదమ్మా. పద్ధతి పద్ధతే కదా."

సంచిలో చెయ్యి పెట్టాను. కాగితం తగిలింది. దాని కింద, రబ్బరు బ్యాండు వేసి ఉన్న చీటీలు తగిలాయి.

రోజూ పొద్దున్న గుమ్మంలో ఒక చీటీ ఇస్తారు, ఆరో మంచానికి ఆ రోజు కావలసినవి. పెద్దాడు దాన్ని మందుల కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తెచ్చినవి గుమ్మంలో ఇస్తే, అందినట్టు ముద్ర కొట్టి చీటీ తిరిగిచ్చేస్తారు. అందరూ అక్కడే చెత్తబుట్టలో పారేస్తారు. నేను పారెయ్యను. ఎవరైనా అడిగితే?

ఎవరూ అడగలేదు. నేనే అడగాలి.

ఉత్తరం తీసి బల్ల మీద బోర్లా పెట్టాను. దాని పక్కన ఒక్కో చీటీ పరిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఇవేమిటమ్మా?" అన్నాడు డాక్టరు, గడియారం చూసుకుంటూ.

"నేను ఏడో తరగతి దాకా చదివాను డాక్టరుగారూ. మందుల పేర్లు చదవడం రాదు. కూడిక వచ్చు. ప్రతి చీటీలోనూ ఆఖరి వరసలో చిన్న సీసా, వంద, తొమ్మిది అని ఉంది. మీ సిస్టర్ల చేతిరాతే. మీ ముద్రే."

"అవి మందులు కలపడానికి."

"అవునండీ. మందు చిటికెడు. మిగతాది నీళ్ళు."

ఆయన తలెత్తాడు. మొదటిసారి నన్ను చూశాడు.

"అమ్మా, ఉత్తరం సంగతి..." అంది పెద్ద సిస్టర్.

"సంతకం పెట్టను," అన్నాను. "మా అమ్మాయి పెట్టదు. నేనూ పెట్టను. గుమ్మంలో దాని పక్కన నన్నూ నిలబెట్టండి. కానీ నిలబెట్టే ముందు ఒక్కటి చెప్పండి."

తలుపు అద్దంలోంచి పేచీ మా గదినే చూస్తోంది. మాట వినపడదు దానికి. చీటీలు కనిపించి ఉంటాయి. చేత్తో నోరు మూసుకుంది.

"నాలుగు తొమ్ములు ముప్ఫయ్యారు. ముప్ఫయ్యారు సీసాలు మా పెద్దాడు తెచ్చాడు, మీరు అందుకున్నారు. అవి ఆయనకి ఎక్కించారా, లేదా? ఎక్కించకపోతే నాలుగు రోజులుగా ఆయనకి మందు పడలేదు. ఎక్కిస్తే, ఆ నీళ్ళు ఈ చార్టులో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించండి. మా అమ్మాయి రాసి, మీరు కొట్టేసిన చోట కాదు. మీరు రాసిన చోట."

డాక్టరు చెయ్యి చాపాడు. పెద్ద సిస్టర్ చార్టు ఇచ్చింది. ఆయన మొదటి పుట తిరగేశాడు. రెండోది తిరగేశాడు. చీటీ తీసి చూశాడు, చార్టు చూశాడు, పక్కనున్న బరువుల కాగితం లాగి దాని మీద వేలితో కిందికి జరిగాడు. అరవై ఎనిమిది దగ్గర మొదలైన వేలు డెబ్బై ఒకటిన్నర దగ్గర ఆగిపోయింది.

"సిస్టర్?" అన్నాడు.

ఆవిడ చీటీల మీది ముద్రలనే చూస్తోంది.

అద్దం అవతల ఏదో మంచం దగ్గర మెషిన్ కూసింది. ఎవరో వెళ్ళి నొక్కారు, ఆగింది. ఎవరో తొట్టిలో చేతులు కడుక్కుంటున్న చప్పుడు. డాక్టరు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. నా బుర్ర అలవాటు ప్రకారం రకరకాలుగా పోయింది. ఇప్పుడు నన్ను గెంటేస్తారు. పేచీ ఉద్యోగం పూర్తిగా పోతుంది. ఆయన్ని ఇంకెక్కడికైనా తీసుకుపొమ్మంటారు. పోనీ. తీసుకుపోతాను. చీటీలు కూడా తీసుకుపోతాను.

"సిస్టర్, అడుగుతున్నాను."

పెద్ద సిస్టర్ బల్ల మీది ఉత్తరాన్ని తిరగేసి చదివింది. నాలుగు వాక్యాలు చదవడానికి అంతసేపు అక్కర్లేదు. తర్వాత తలుపు వైపు చూసింది, తెల్ల డ్రెస్సులో నిలబడ్డ నా కూతురి వైపు. కళ్ళజోడు తీసి, కళ్ళు నొక్కుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఉత్తరాన్ని రెండుగా, నాలుగుగా మడిచి తన జేబులో వేసుకుంది.

"ఎక్కించాం డాక్టర్. ముప్ఫయ్యారూ ఎక్కించాం," అంది. "రాయలేదు."

అద్దం అవతలి మంచాల వరస వైపు తిరిగింది.

"ఆరో మంచానికే కాదు. పన్నెండు మంచాలకీ రాయడం లేదు."